సీటు ఇచ్చారు సరే, మెట్టు మాటేమిటి?

సిటీ బస్సులో వృద్ధులకు సీటుంది. కిటికీ పైన రాసి మరీ పెట్టారు. ఆ సీటు దాకా వృద్ధుడు ఎలా చేరాలన్నది మాత్రం ఎవరూ ఆలోచించలేదు. రంగు డబ్బా, కుంచె ఉంటే అక్షరాలు రాసేయొచ్చు. బస్సు నేలను కిందికి దించాలంటే డబ్బు ఖర్చవుతుంది. అందుకని మనకు అక్షరాలు ఇచ్చారు.

హైదరాబాద్‌లో మామూలు సిటీ బస్సు ఎలా ఉంటుందో, దాన్ని ఎక్కనివాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. ఎందుకంటే దాని గురించి నిర్ణయాలు తీసుకునేది వాళ్లే. లారీకి వేసే ఛాసిస్ లాంటి దాని మీదే డబ్బా కట్టి, దానికి సీట్లు బిగించి బస్సంటారు. లోపలి నేల దాదాపు మన నడుమెత్తున ఉంటుంది. అంత ఎత్తుకు రెండు మూడు మెట్లలో ఎక్కాలి. అన్నిటికన్నా కింది మెట్టే అన్నిటికన్నా కష్టం. పేవ్‌మెంటు పక్కన బస్సు ఆగితే ఆ ఎత్తులో జానెడు తగ్గుతుంది, కానీ బస్సు పేవ్‌మెంటు పక్కన ఆగడం నేను చూసింది తక్కువ.

కోఠీలో నిలబడి చూడండి. డెబ్బై దగ్గర పడిన ఒక మనిషి, చేతిలో గుడ్డసంచి, సంచిలోంచి బయటికి తొంగిచూస్తున్న ఎక్స్‌రే కవరు. బస్సొచ్చి స్టాపు దాటి, ఆటోల వరసకు అవతల, రోడ్డు నడిమధ్యన ఆగుతుంది. ఆయన ఆటోల సందుల్లోంచి పక్కకు తిరిగి నడుస్తూ వెనక తలుపు దగ్గరికి చేరతాడు. కడ్డీ పట్టుకుని కుడికాలు ఎత్తుతాడు. మెట్టు అందదు. సంచిని మోచేతికి తగిలించుకుని, ప్యాంటును మోకాలి దగ్గర పిడికిట పట్టుకుని, బావిలోంచి చేద లాగినట్టు తన కాలిని తనే పైకి లాగుతాడు. లోపలి నుంచి ఎవరో "జల్దీ చాచా" అంటారు. రెండో కాలు ఇంకా తారు మీద ఉండగానే "రైట్ రైట్" వినపడుతుంది. ఫుట్‌బోర్డు మీది కుర్రాడు చంకలో చెయ్యి వేసి లోపలికి గుంజుతాడు. ఆ కుర్రాడు దేవుడే, కాదనను. కానీ ఈ నగరంలో ముసలివాళ్ల ప్రయాణమంతా ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్ల దయ మీద నడవాలా?

లోపలికి చేరాక రెండో గండం. ఆయన సీటు వెతుక్కునే లోపే బస్సు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, ఆ వెంటనే బ్రేకు. చెయ్యెత్తితే అందే కడ్డీ పొడుగువాళ్ల కోసం పెట్టింది. మా ఈడువాళ్లలో బస్సులో పడి తుంటి విరిగి మంచం పట్టినవాళ్లు ప్రతి కాలనీలోనూ ఉంటారు. ఆ తరువాత వాళ్లు బస్సెక్కరు. వాళ్లను చూసి పక్కింటివాళ్లూ మానేస్తారు. అప్పుడు అధికారులు లెక్కలు చూసి, "పెద్దవాళ్లు బస్సులు ఎక్కడం లేదండీ" అంటారు!

దీనికి డ్రైవర్‌నో కండక్టర్‌నో తిట్టడం చాలా తేలిక, నేను ఆ పని చెయ్యను. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటూనే ట్రిప్పులు పూర్తి చెయ్యాలి. ఒక ముసలాయన నిదానంగా ఎక్కడానికి పట్టే అర నిమిషం ఆ ట్రిప్పు టైములో ఎక్కడా లేదు. ఆ టైము వేసినవాణ్ని అడగాలి. పైగా ఆ డ్రైవర్ కూడా రేపు ముసలివాడయ్యేవాడే. ముప్పై ఏళ్లు జనాన్ని మోసి రిటైరైతే ఆర్టీసీ కార్మికుడికి దక్కేది ప్రావిడెంట్ ఫండ్ వారి ఈపీఎస్-95 పెన్షన్. ఆ పథకంలో కనీస పెన్షన్ 2014లో నెలకు 1,000 రూపాయలని పెట్టారు. ఆ అంకె చూసి నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

ఇదేదో మన దేశానికి చేతకాని విద్య అనుకోకండి. 2009లో జేఎన్ఎన్‌యూఆర్ఎం పథకం కింద నగరాలకు బస్సులు కొనడానికి కేంద్రం డబ్బిచ్చినప్పుడు, సిటీ బస్సు ఎలా ఉండాలో కొలతలతో సహా రాసిపెట్టారు. లో ఫ్లోర్ అయితే నేల 400 మిల్లీమీటర్ల ఎత్తు, సెమీ లో ఫ్లోర్ అయితే 650. అలాంటి బస్సులు హైదరాబాద్‌కూ వచ్చాయి. వాటిలో ఎక్కితే ఇంట్లో గడప దాటినట్టే ఉండేది. కొన్నాళ్లకు అవి పాతబడ్డాయి, మరమ్మతులు ఖరీదన్నారు, మళ్లీ పాత ఎత్తుకే వచ్చాం. మన రోడ్లకూ మన వానలకూ లో ఫ్లోర్ ఆగదని ఒక వాదన ఉంది. రోడ్లు గుంతలు పడ్డాయి కాబట్టి ముసలివాళ్లు మీటరెత్తు ఎగరాలన్నమాట. గుంతలు పూడ్చడం ఎవరి పని?

ఇక నా చేతిలోని టికెట్టు సంగతి. రిటైరైన టీచరమ్మని, ఆడదాన్ని కాబట్టి 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో నాది సున్నా టికెట్టు. మావారు డబ్బిచ్చి టికెట్టు కొంటారు. ఒకే సీట్లో పక్కపక్కన కూర్చుంటాం, అదీ దొరికితే. ఈ ఉచితాన్ని ఎగతాళి చేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆధార్ కార్డు లామినేషన్ అంచులు ఊడిపోయేదాకా చేతిలో పట్టుకుని తిరుగుతున్న అవ్వలను చూశాను నేను. జీవితంలో మొదటిసారి ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా కూతురింటికి వెళ్లివస్తున్నారు, గాంధీ ఆసుపత్రికి మందులకు వెళుతున్నారు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో హరికథ వినడానికి వస్తున్నారు. కొడుకు జేబులోంచో మొగుడి జేబులోంచో ఇరవై రూపాయలు తీసుకోవడానికి ఎన్ని కారణాలు చెప్పాలో ఆడవాళ్లకు తెలుసు. ఆ కారణాలు చెప్పే అవసరం తప్పింది. దీన్ని 'ఫ్రీ' అంటూ పెదవి విరిచేవాళ్లు, వాళ్ల కార్ల కోసం కట్టిన ఫ్లైఓవర్ల మీద ఏ టికెట్టు కొని వెళుతున్నారో చెప్పాలి.

కానీ పథకం పెట్టినవాళ్లను కూడా వదలను. ఎక్కేవాళ్లు పెరుగుతారని తెలిసీ, ఆ పెరుగుదలకు తగ్గ బస్సులు ముందుగా తేలేదు. అంతకు ముందే, 2019 ఆర్టీసీ సమ్మె తరువాత నగరంలో వందల బస్సులు తగ్గించేశారు. కొన్ని పాత బస్సుల సీట్లు పీకి సరుకు రవాణా బండ్లుగా మార్చారు. పార్శిళ్లకు దొరికిన చోటు మనుషులకు దొరకలేదు. దాంతో ఇవాళ బస్సులో జరిగేదేమిటంటే, నిలబడి ఊగుతున్న ముసలాయన కూర్చున్న ఆడవాళ్లను చూసి గొణుగుతాడు, ఆడవాళ్లు ఆయన్ని చూసి మూతి తిప్పుకుంటారు. ఆ గొడవను సెల్‌ఫోనులో తీసి జనం నవ్వుకుంటారు. బస్సులు తగ్గించినవాడు మాత్రం ఆ వీడియోలో ఎక్కడా కనపడడు. అయ్యా, మీ సీటు నేను లాక్కోలేదు. ఇద్దరం కూర్చోవలసిన రెండో బస్సును రోడ్డు మీదికి రానివ్వనివాడిని నిలదీద్దాం రండి.

ఇంకో ముచ్చట ఉంది, చాలామంది మరిచిపోయారు. 2023లో హైదరాబాద్‌లో టీ-6 అని ఒక టికెట్టు తెచ్చారు. 50 రూపాయలిస్తే ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా ఆరు గంటల పాటు ఎన్ని బస్సులైనా ఎక్కి దిగొచ్చు, ఆడవాళ్లకూ అరవై దాటినవాళ్లకూ. ఎవరో బుద్ధిమంతుడు కూర్చుని ఆలోచించిన టికెట్టు అది. ఆఫీసుల రద్దీ తగ్గాక మన కాలం మొదలవుతుంది. బ్యాంకు, రక్తపరీక్ష, పోస్టాఫీసు, నవంబర్‌లో బతికే ఉన్నామని ఇచ్చే సర్టిఫికెట్టు, అన్నీ ఆ ఆరు గంటల్లోనే. ఖాళీ బస్సు నిండుతుంది, ముసలివాడికి సీటు దొరుకుతుంది. అలాంటి టికెట్టును 2024 జనవరి 1 నుంచి తీసేశారు. మహాలక్ష్మి రద్దీలో కండక్టర్లకు గుర్తింపు కార్డులు చూసి ఈ టికెట్లు కొట్టే తీరిక లేదన్నారు. ఆడవాళ్లకు దాని అవసరం తీరింది, నిజమే. అరవై దాటిన మగవాడు ఏం పాపం చేశాడు? కండక్టర్ పని తగ్గించాలంటే మరో కండక్టర్‌ను పెట్టాలి కానీ ముసలివాడి టికెట్టు తీసేస్తారా?

మన చుట్టుపక్కల చూస్తే సిగ్గేస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అరవై దాటినవాళ్లకు టికెట్టులో 25 శాతం తగ్గిస్తోంది. చెన్నైలో 2016 నుంచి వృద్ధులకు నెలకు పది ఉచిత టికెట్లు ఇస్తున్నారు. పది చాలవు, నాకూ తెలుసు, అయినా ఎవరో వాళ్లను లెక్కలోకి తీసుకున్నారు. ఇక రైలు సంగతి వేరే చెప్పాలా? మగవాళ్లకు 40 శాతం, ఆడవాళ్లకు 50 శాతం ఉండిన రాయితీని 2020 మార్చిలో కోవిడ్ పేరు చెప్పి ఆపారు. కోవిడ్ పోయింది, మాస్కులు పోయాయి, రాయితీ మాత్రం తిరిగి రాలేదు.

మెట్రో గురించి మాట్లాడితే మా వాకింగ్ బృందంలో సగం మంది నామీద విరుచుకుపడతారు. చల్లగా ఉంటుంది, కుదుపు లేదు, లిఫ్టులున్నాయి, ప్లాట్‌ఫారానికీ రైలుకూ మధ్య మెట్టే లేదు అంటారు. అన్నీ ఒప్పుకుంటాను. మెట్టు లేకుండా రైలు కట్టడం ఈ నగరానికి వచ్చని అందులోనే తేలిపోయింది కదా, మరి బస్సుకెందుకు చేతకాదు? మెట్రో కూడా లోపలికి వెళ్లాకే స్వర్గం. రోడ్డుకు మనమున్న వైపు లిఫ్టు లేకపోతే, లిఫ్టున్న వైపుకు చేరడానికి రోడ్డు దాటాలి. ఆ రోడ్డు దాటగలిగే మనిషికి లిఫ్టు అవసరమే ఉండకపోవచ్చు. 2025 మేలో చార్జీలు పెంచి, గోల చేస్తే పది శాతం తగ్గించి, కనీసం 11, గరిష్ఠం 69 రూపాయల దగ్గర ఆపారు. ఒక చివరి నుంచి మరో చివరికి పోయి రావడానికి 138. వెయ్యి రూపాయల పెన్షనుదారు అలా ఏడుసార్లు వెళ్లివస్తే నెల అయిపోయింది, అన్నం సంగతి తరువాత. వృద్ధులకు ప్రత్యేక రాయితీ లేదు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు చవకే. 2003లో మొదలైన ఆ రైళ్లను సరిగ్గా పట్టించుకుని ఉంటే ఇవాళ నగరానికి అదే పెద్ద దిక్కయ్యేది. రైలెప్పుడొస్తుందో తెలియని స్టేషనులో కూర్చునే ఓపిక మా వయసువాళ్లకు ఉంటుందని కాబోలు ధైర్యం.

రోడ్డు దాటడం అన్నాను. హైదరాబాద్ ఇరవై ఏళ్లుగా రోడ్లమీద పెట్టిన ఖర్చంతా ఒకే కోరిక కోసం, కారు ఆగకూడదు. సిగ్నల్ లేని ప్రయాణమని గొప్పగా బోర్డులు పెట్టుకుంటారు. సిగ్నల్ లేదంటే ఎర్రలైటు లేదు. ఎర్రలైటు లేకపోతే అవతలి స్టాపుకు వెళ్లేదెట్లా? వెళ్లేటప్పుడు మన ఇంటి వైపు ఎక్కుతాం, వచ్చేటప్పుడు అవతలి వైపు దిగుతాం, ప్రతి బస్సు ప్రయాణంలోనూ ఒక్కసారైనా రోడ్డు దాటక తప్పదు. చౌరస్తాలు మూసి యూటర్నులు పెట్టారు. బండివాడు కిలోమీటరు ముందుకెళ్లి తిరిగొస్తాడు, పెట్రోలు ఖర్చవుతుంది. కర్ర పట్టుకున్న మనిషి యూటర్ను ఎక్కడ తీసుకోవాలి? పాదచారుల వంతెన ఎక్కమంటారు. దానికి నలభై మెట్లైనా ఉంటాయి, దిగడానికి మళ్లీ అన్ని. ఉప్పల్‌లో 2023లో తెరిచిన స్కైవాక్‌కు లిఫ్టులు పెట్టారు, మెచ్చుకుంటున్నాను. మెచ్చుకోవడానికి నగరమంతా వెతికి ఒకటి చెప్పాల్సి వస్తోంది.

బస్టాపుల ముచ్చట ఇంకా తమాషా. 2018లో శిల్పారామం దగ్గరా, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులోనూ, ఖైరతాబాద్‌లోనూ ఏసీ బస్టాపులు తెరిచారు. దేశమంతా ఫొటోలు వేసింది. అదే నగరంలో వందల స్టాపుల్లో కూర్చోవడానికి బల్ల లేదు. బల్ల ఉన్నచోట అది నున్నటి స్టీలు గొట్టం, ఏటవాలుగా, ఎవరూ పడుకోకూడదని. పడుకోవడానికి మేం రాలేదు, మోకాళ్లు నొప్పిపుట్టి కూర్చోవడానికి వచ్చాం. షెల్టరు ఎక్కడుండాలన్నది బస్సు ఆగే చోటును బట్టి కాక, దాని మీది బంగారు నగల ప్రకటన కార్లకు ఎక్కడి నుంచి బాగా కనపడుతుందన్నదాన్ని బట్టి తేల్చినట్టుంటుంది. అందుకే షెల్టరొకచోట, బస్సొకచోట, జనం ఇంకోచోట.

ఇన్ని చెబితే మా పిల్లల జవాబు ఒకటే. "ఈ వయసులో నీకు బస్సెందుకమ్మా, ఫోన్ చెయ్యి, ఇక్కణ్నుంచే క్యాబ్ బుక్ చేస్తాను." ఆ 'ఇక్కడ' డాలస్ కావచ్చు, గచ్చిబౌలి కావచ్చు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ ప్రేమలో ఒక లెక్కుంది. నేను ఎక్కడికి వెళ్లాలన్నా ముందు ఒకరికి చెప్పాలి, ఎందుకని వాళ్లు అడగకపోయినా నేను చెప్పాలి. వాళ్లకు అర్ధరాత్రైతే నా పని రేపటికి వాయిదా. ఆ క్యాబువాడు ఫోన్ చేసి "డ్రాప్ ఎక్కడమ్మా, క్యాషా ఆన్‌లైనా" అంటాడు, దగ్గరి దూరమని తెలియగానే క్యాన్సిల్ కొడతాడు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పేపరు చదువుకోవడానికి వెళ్లడం పని కాదట, దానికి క్యాబ్ బుక్ చెయ్యమని కొడుకును అడగడానికి మొహమాటం. అలా మొహమాటపడీ పడీ ఒక్కో చోటికి వెళ్లడం మానేస్తాం. మొదట సభలు మానేస్తాం, తరువాత స్నేహితులను, తరువాత బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చివరికి ఆసుపత్రి ఒక్కటే మిగులుతుంది. అప్పుడు డాక్టరుగారు "కాస్త బయట తిరుగుతుండండి" అని రాసిస్తారు.

రాత్రిపూట సంగతి కూడా చెప్పి తీరాలి. రవీంద్రభారతిలో ఆరింటికని వేసిన సభ ఏడింటికి మొదలవుతుంది. తొమ్మిది దాటితే మా కాలనీ వైపు బస్సు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ముఖ్య అతిథి ప్రసంగం కాకముందే లేచి రావడం పెద్ద నష్టమేమీ కాదు, ఒక్కోసారి లాభం కూడా. కానీ కచేరీలో తనిఆవర్తనం మొదలవబోతుంటే లేచిపోవడం నాకు ఒళ్లు మండించే పని. నలభై ఏళ్లు జీతంలోంచి పన్నులు కట్టి, ఇప్పుడు ఉన్న ఒక్క తీరికనూ ఆఖరి బస్సు టైముకు కత్తిరించుకోవాలి.

దయ చూపమని ఎవరినీ బతిమాలడం లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ బస్టాపుల్లోనూ వాహనాల్లోనూ దివ్యాంగులకు వసతి ఉండాలని, పాత వాహనాలను సైతం వీలైనంత మేర మార్చాలని చెబుతోంది. మోకాలు వంగని మావారికి ఏ సర్టిఫికెట్టూ లేదు, కానీ దివ్యాంగులు ఎక్కగలిగిన బస్సును ఆయనా ఎక్కగలరు. ఆరేళ్ల పిల్ల ఎక్కగలదు, చంకలో బిడ్డ ఉన్న తల్లి ఎక్కగలదు. ఎక్కడం తేలికైతే స్టాపులో బస్సు ఆగే సమయమూ తగ్గుతుంది, ఆ డ్రైవర్ ట్రిప్పూ టైముకు పూర్తవుతుంది.

ఇప్పుడే ఇదంతా ఎందుకంటే, 2025 మేలో కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. ఒక్కసారి కొన్న బస్సు పదేళ్లకు పైగా రోడ్డు మీద ఉంటుంది. అంటే ఇవాళ యాభై ఐదేళ్లున్న మనిషి రిటైరై, మోకాళ్లు అరిగేదాకా ఎక్కవలసింది ఈ బస్సులే. బ్యాటరీ ఎంత దూరం లాగుతుందో, పొగ ఎంత తగ్గుతుందో మంత్రులు చెబుతారు. వాటి నేల ఎత్తెంతో మీ కార్పొరేటర్‌ను అడగండి, ఎమ్మెల్యేను అడగండి. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలే, అదీ పెట్టండి. వాటిలో ఎన్ని ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా తిరుగుతాయి, ఎన్ని షెడ్డులో పడుకుంటాయి అని కూడా అడగండి.

జెండా ఊపే రోజున మొదటి బస్సులో మంత్రిగారు ఎక్కుతారు, ఎలాగూ ఆయన్ని నలుగురు పట్టుకుని ఎక్కిస్తారు. రెండో బస్సు దగ్గర కెమెరాలు పెట్టి, రెండు మోకాళ్లూ మార్పించుకున్న మనిషిని ఎవరూ చెయ్యి వెయ్యకుండా ఎక్కమనండి. మావారు సిద్ధంగా ఉన్నారు. నేనూ వస్తాను, ఆధార్ కార్డు తెస్తాను. ఆయన టికెట్టు డబ్బులు చిల్లరతో సహా మేమే ఇచ్చుకుంటాం.